కంపుంగ్ అమాన్‌కు ముందున్న పేరు

పక్కింటి పిల్లకు బడిలో ఒక పని ఇచ్చారు. తాముండే ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్ళని అడిగి ఒక పేజీ రాసుకురావాలట. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళంటే ఇంకెవరున్నారు, నేనే. ఆ పిల్లకు తెలుగు చెబితే అర్థమవుతుంది కానీ తిరిగి మాట్లాడమంటే నోరు తిరగదు. మలయ్ మాటల మధ్య రెండు తెలుగు ముక్కలు కలిపి, "అమ్మమ్మా, కంపుంగ్ అమాన్ పేరు ఎవరు ఎట్టినారు?" అని అడిగింది.

నేను గొంతు సవరించుకుని చెప్పాను. తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు పోతున్నాయి, మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది, ఇక మీదట అందరూ చల్లగా బతకాలని పెద్దలు కూర్చుని ఆ పేరు ఖాయం చేశారు, కంపుంగ్ అంటే ఎలాగూ పల్లే, అమాన్ అంటే భయం లేకుండా ఉండటం అని. పిల్ల బుద్ధిగా రాసుకుని వెళ్ళింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. చెప్పకుండా మింగేసింది మాత్రం చాలా ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఈ ఒక్క పాఠం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఊరికి ముందు ఇంకో ఊరు ఉండేది. రోడ్డు మీంచి లోపలికి రెండు మైళ్ళు, కొబ్బరితోట నడుమ, సముద్రం పోటు వస్తే కాలవలు నిండిపోయే పల్లంలో పది పన్నెండు ఇళ్ళ లైను. దొరగారి పటంలో దానికి పేరు లేదు, ఐదో నంబరు లైను అంటే అదే. మా తాతలు విశాఖపట్నం రేవులో ఓడెక్కి ఈ మలయ్ దేశంలో దిగినప్పుడు వాళ్ళను ఆ లైనులో దింపారట. నీళ్ళు లేవు. మా తాతయ్య ఇంకో నలుగురిని వెంటేసుకుని మూడు వారాలు తవ్వి నుయ్యి తీశాడు. నీళ్ళు పడ్డాయి, నోట పోసుకుంటే ఉప్పు. తవ్వినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వి, ఇంకేం చేస్తారు, ఆ చోటికి ఉప్పునూతివలస అని పేరు పెట్టుకున్నారు. మా వైపు ఊరు వదిలి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళకు చివర వలస అని ఉంటుంది కదా, అలాగ.

తాగడానికి పనికిరాకపోయినా ఆ నుయ్యి అంటే అందరికీ ప్రాణం. బట్టలుతకడం ఆ నీళ్ళతోనే, స్నానాలు ఆ నీళ్ళతోనే, కొట్లాటలు కూడా దాని చుట్టూనే. తాగే నీళ్ళు మాత్రం వాన కురిసినప్పుడు పీపాల్లో పట్టుకునేవాళ్ళం. తాతయ్య పోయాక నూతిలో పూడిక తీసే పని మా అయ్యకు వచ్చింది. నాన్నను మేము అయ్య అనే పిలిచేవాళ్ళం. ఏడాదికోసారి నూతిలో దిగి, నడుం లోతు బురదలో నిలబడి, "పైనుండి సూసీవోలందరికీ నాను దెయ్యంలా కనిపిస్తన్నానా?" అని అడిగేవాడు. ఊళ్ళో ఆయన మాటకు నవ్వనివాళ్ళు లేరు.

నా తరవాత ఒక తమ్ముడు పుట్టాడు. నాలుగేళ్ళు బతికి చలిజ్వరంతో పోయాడు. పసిపిల్లల్ని కాల్చరు, పాతిపెడతారు. నూతికి ఇవతల, మూడో కొబ్బరిచెట్టు మొదట్లో వాణ్ణి పెట్టారు. వాడు పోయిన నాటికి ఏటా అన్నం ముద్ద, బెల్లం ముక్క అక్కడ పెట్టి రావాలి. మా ఇళ్ళల్లో దీనికి ఒక నియమం ఉంది. పొయ్యి మీంచి ముద్ద తీసిన దగ్గర్నుంచి ఆ చోట పెట్టేవరకూ తీసుకెళ్ళే మనిషి నోరు తెరవకూడదు. ఎవరు పలకరించినా పలకకూడదు. దారిలో మాటాడితే ఆ అన్నం దారిలోనే ఎంగిలైపోతుందని, పోయినవాళ్ళు ఆకలితో మళ్ళిపోతారని మా వాళ్ళ నమ్మకం.

ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళకు తోటల్లోని కూలీలు తిండి పెడుతున్నారని సర్కారుకు అనుమానం. ఒక పొద్దున లారీలు వచ్చాయి. సాయంత్రానికి మా లైను ఖాళీ. రోడ్డు పక్కన కొత్తగా వేసిన రేకుల ఇళ్ళల్లో, చుట్టూ ముళ్ళకంచె మధ్య మమ్మల్ని దింపారు. ఒకటే గేటు. పనికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర వంటిమీద చెయ్యేసి వెతికేవాళ్ళు. గింజ బియ్యం కూడా బయటికి పోకూడదు, వండిన అన్నం అసలే పోకూడదు. మధ్యాహ్నం ఎంత ఆకలేసినా పని ముగిశాక కంచె లోపలికి వచ్చి తినాల్సిందే. ఆ చోటికి పేరు లేదు, గేటు మీద ఒక అంకె ఉండేది.

కంచెలో మొదటి ఏడు, తమ్ముడు పోయిన రోజు వచ్చింది. అమ్మ రెండు రోజుల ముందు నుంచే ముభావంగా ఉంది. అయ్య, "ఈ ఏటికి ఇంటికాడే ఎట్టేద్దాం, ఆడేటి సిన్నపిల్లోడు, కోప్పడతాడేటి?" అన్నాడు. అమ్మ వినలేదు. "ఆకిలితో ఆడు నూతికాడ కూకుంటే నాకు కూడు దిగుద్దా?" అంది. వెనక వైపు కంచె కింద కుక్కలు దూరే సందు ఉంది, దాంట్లోంచి పొమ్మని చెప్పింది. అయ్యకు దొంగతనంగా దూరడం నచ్చలేదు. కొడుక్కి అన్నం పెట్టడానికి కుక్కలా పోతానా అని గేటు దగ్గరకే వెళ్ళాడు. అరిటాకులో కట్టిన ముద్ద రెండు చేతుల్లో పట్టుకుని, అందరికీ కనబడేలాగే వెళ్ళాడు. నాకు పన్నెండేళ్ళు, అమ్మ పక్కన నిలబడి చూస్తున్నాను.

గేటు దగ్గర ఉన్న పోలీసు కుర్రవాడు మంచివాడే. రోజూ అయ్యతో బీడీ పంచుకునేవాడు. ఆకు విప్పి చూసి, ఎవరికి అని అడిగాడు. అయ్య మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు. అయ్య తల అడ్డంగా ఊపాడు తప్ప పెదవి కదపలేదు. అంతలో జీపులో పై అధికారి ఒకడు దిగాడు. వాడూ అడిగాడు, అరిచాడు, చెంప మీద కొట్టాడు. అయ్య ముద్ద కింద పడకుండా చూసుకున్నాడు కానీ నోరు మెదపలేదు. ఎవరికి పట్టుకెళ్తున్నాడో చెప్పని మనిషి అంటే వాళ్ళ లెక్కలో ఇంకేముంది. అమ్మ పరిగెత్తుకెళ్ళి తెలుగులో, వచ్చీరాని మలయ్‌లో మొత్తుకుంది, పిల్లాడికి, చచ్చిపోయిన పిల్లాడికి అని. చచ్చినవాడికి అన్నమేమిటని ఆ అధికారి నవ్వాడు. జీపు ఎక్కించేటప్పుడు ముద్ద లాక్కుని కాలవలో పారేశారు. అప్పుడు మాట్లాడాడు అయ్య. "పోయిందే. పిల్లోడికి నేదు ఈ ఏడు" అన్నాడు అమ్మతో. మా ఇద్దరికీ వినబడిన ఆఖరి మాట అదే.

అయ్యను ఖైదీల క్యాంపులో ఏడాదిన్నర ఉంచారు. ఆ తరవాత ఎస్టేటు గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. గుమాస్తాను మేము కిరాణి అనేవాళ్ళం. మన తెలుగువాడే, కాస్త పెద్ద కులం, అయినా అందరి పనీ చేసిపెట్టేవాడు. అయ్యను ఓడలో ఇండియాకు పంపేశారని ఆ కాగితంలో ఉంది. అది మా చేతికి వచ్చేసరికి ఓడ వెళ్ళి మూడు వారాలైంది. అయ్య ఈ దేశానికి చంకలో పిల్లాడిగా వచ్చాడు. అక్కడ ఎవరున్నారు ఆయనకు, ఏ ఊరని దిగుతాడు. అమ్మ ఏడవలేదు. "నాను పంపినాను, నానే పంపినాను" అని రోజంతా అంటూ ఉంది.

ఇంకో ఏడాదికి ఉత్తరం వచ్చింది. ఎవరి చేతనో రాయించాడు. ఉప్పుమడుల్లో పని చేస్తున్నాడట, ఉండే చోటు ఇంకా కుదరలేదట, కుదిరాక మళ్ళీ రాయిస్తాడట, అప్పుడు మనం ఏం చెయ్యాలో ఆలోచించుకుందామన్నాడు. చివర్న, "మీరు ఊరు కదలకండి, నాకు తెలిసినది ఆ పేరొక్కటే" అని ఉంది. పైన చిరునామా ఉప్పునూతివలస, హుటాన్ మెలింటాంగ్ పోస్టు. తిరిగి రాద్దామంటే కింద ఏ ఊరూ లేదు. ఖాళీ అయిన లైను పేరున వచ్చిన ఆ ఉత్తరం మాకు అందిందంటే కిరాణి వల్లే. పోస్టాఫీసు నుంచి వచ్చిన సంచిలో ఆ పేరు చూసి, నడుచుకుంటూ వచ్చి ఇచ్చాడు. నేను చదివి వినిపించాను. ఎన్నిసార్లు చదివించుకుందో చెప్పలేను, నాకే విసుగొచ్చి ఒకసారి సగం వదిలేసి చదివితే పట్టేసింది.

అప్పటికి నేను దగ్గరి పట్నం తెలుక్ ఆన్సన్‌లో ఇంగ్లీషు బడికి బస్సులో వెళ్ళేదాన్ని. కిరాణి భార్య పట్టుబట్టి చేర్పించింది. మా లైన్లలో ఆ బడి గడప తొక్కిన మొదటి పిల్లను నేను. నన్ను చూసి అందరూ మురిసిపోయేవాళ్ళు, నేను మాత్రం అక్కడ నోరెత్తేదాన్ని కాదు. మీ నాన్న ఏం చేస్తారని అడిగితే చనిపోయారని చెప్పేదాన్ని. ఇంకేం చెప్పను, తీవ్రవాదులకు అన్నం మోశాడని ఓడెక్కించారని చెప్పనా. మెర్డెకా రోజున బడి నుంచి మమ్మల్ని మైదానానికి తీసుకెళ్ళి జెండాలు ఊపించారు. మా వాళ్ళంతా లారీ మాట్లాడుకుని వచ్చారు. అమ్మ రాలేదు. "ఇల్లొదిలేస్తే ఉత్తరం ఎవులు తీసుకుంతారు?" అంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది.

ఆ మరుసటేడు దొర తోటను ముక్కలు చేసి అమ్మేశాడు. ఆఫీసు మూతపడింది. కంచె అక్కడక్కడా పీకేశారు. కిరాణి కుటుంబంతో రాజధానికి, బ్రిక్‌ఫీల్డ్స్ వైపు వెళ్ళిపోతూ చివరగా ఒక పని పెట్టాడు. రోడ్డు పక్కనున్న మా ఇళ్ళను జిల్లా ఆఫీసులో ఊరుగా రాసుకుంటారట, పేరు కావాలి. అందరినీ పాత బియ్యం షెడ్డులో కూర్చోబెట్టి, మాటకు చివర ఇక్కడివాళ్ళలాగే ఒక లా తగిలిస్తూ విడమరిచి చెప్పాడు. "ఏ పేరు రాస్తే అదే బోర్డు మీద ఉంటుంది, అదే పోస్టాఫీసు జాబితాలో ఉంటుంది. ఇకమీదట సంచి చూసి ఉత్తరాలు ఏరి ఇవ్వడానికి నేనుండను లా. బాగా ఆలోచించుకోండి."

అమ్మ లేచి నిలబడింది. మగవాళ్ళు కూర్చున్న చోట ఆమె నోరు విప్పడం నేను చూడలేదు అంతకు ముందు. "ఉప్పునూతివలస అనే రాయించండి. మావోడు ఆ పేరుకే రాయిస్తాడు" అంది. సగం మంది తలలూపారు, నుయ్యి తవ్వినవాళ్ళ పిల్లలే కదా అందరూ. మిగతా సగం నేల చూపులు చూశారు. ఆ పేరు అయ్య కేసుతో పోలీసు కాగితాల్లోకి ఎక్కిందని అందరికీ భయం. గుర్తింపు కార్డు చూపించిన ప్రతిచోటా, ఏ లైను, ఓ, ఆ లైనా, అని రెండుసార్లు అడిగేవాళ్ళు. మలయ్ పేరేదైనా, అమాన్ అనో మరోటో పెట్టుకుంటే ఏ గొడవా ఉండదని ఒకాయన అన్నాడు. ఎటూ తేలలేదు. చివరికి ఊరికి పెద్దగా ఉన్న ముసలాయన నా వైపు తిరిగి, "సదువుకున్న పిల్లవి. మీ అయ్యే కదా పోయినాడు. ఏటంతావే నువ్వు, నువ్వేటంతే అదే రాద్దుం" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. అమ్మ ముఖంలో అనుమానమే లేదు, నేను ఏం చెబుతానో ఆమెకు తెలుసన్నట్టు చీర కొంగు సర్దుకుంటోంది. నేను టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టి ఉన్నాను. ఆ దరఖాస్తులో స్వస్థలం అని ఒక గీత ఉంది, ఇంకా నింపలేదు. ఆ గీత నా కళ్ళ ముందు ఆడింది. భయమా అంటే భయమే, సిగ్గా అంటే అంతకన్నా ఎక్కువ సిగ్గు. "కంపుంగ్ అమాన్ అని రాయండి" అన్నాను.

అమ్మ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే నాకు జడ వేస్తూ అంది. "పోనీలే. నువ్వు ఆలోసించే సెప్పుంతావు. ఒక్క పని సెయ్యి. హుటాన్ మెలింటాంగ్ పోస్టాపీసుకెల్లి, ఉప్పునూతివలస పేరున ఏది వొచ్చినా మాకే తెచ్చి ఇమ్మని ఆలకు సెప్పు. కాయితం మీద రాసి ఇచ్చీ. అంతే సాలు నాకు."

వెళ్ళాను. కాగితం రాసి పుస్తకంలో పెట్టుకునే వెళ్ళాను. పోస్టాఫీసు అరుగు మీద ఇద్దరు పోలీసులు నిలబడి గుమాస్తాతో కబుర్లు చెబుతున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఎదురుగా చేపలవాళ్ళ దగ్గర నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళలేదు. వెళ్ళినా నేను లోపలికి పోయేదాన్నా అంటే, ఏమో, ఇన్నేళ్ళ తరవాత నాకు నేనే వకాల్తా పుచ్చుకోవడం దేనికి. ఆ పేరు నా చేత్తో రాసి, కింద నా సంతకం ఉన్న కాగితాన్ని సర్కారు ఆఫీసులో ఇవ్వలేకపోయాను. చింపి నదిలో వేసి బస్సెక్కాను. గుమ్మంలోనే అమ్మ అడిగింది, సెప్పినావా అని. చెప్పాను అన్నాను. రాసుకున్నారా అంది. రాసుకున్నారు అన్నాను. నా తల నిమిరింది.

ఆ తరవాత ఆమె ఎంత నిబ్బరంగా ఎదురుచూసిందో చెబితే నమ్మరు. ట్రైనింగు ముగించి నేను ఇక్కడి తెలుగు బడికే టీచరుగా వచ్చాను. ఊరికి బోర్డు వచ్చింది, కొళాయి వచ్చింది. పోస్టుమాను సైకిలు గంట వినబడితే అమ్మ చేతిలో పని వదిలేసేది. ఒక ఏడు, రెండేళ్ళు, నాలుగేళ్ళు. పోస్టాఫీసులో చెప్పి ఉంచాం కాబట్టి రాస్తే అందాలి. అందలేదంటే రాయలేదు. ఆమె లెక్క అంతే, ఆ లెక్కలో తప్పేమీ లేదు. మెల్లగా ఆమె మాట మారింది. మొదట మీ అయ్యకు ఒంట్లో బాగోలేదేమో అనేది. తరవాత, అక్కడ ఎవతినైనా చూసుకున్నాడేమో అనేది. ఒక దీపావళి ముందు పెట్టె తెరిచి, అన్నేళ్ళుగా మడతపెట్టి ఉంచిన అయ్య చొక్కా తీసి, చింపి, పొయ్యి మీద గిన్నెలు దింపే మసిగుడ్డలు చేసింది. అప్పుడే మొదటిసారి ఆయన్ని "ఆడు" అంది. ఆ గుడ్డలతోనే నేను రోజూ అన్నం గిన్నె దింపేదాన్ని.

ఊరికి పేరు పెట్టిన తొమ్మిదో ఏడు బడి కాగితాలు రిజిస్టరు చేయించడానికి హుటాన్ మెలింటాంగ్ పోస్టాఫీసుకు వెళ్ళాను. ఈసారి ధీమాగా లోపలికే వెళ్ళాను, టీచరమ్మను కదా. గుమాస్తా పెద్దవాడు, రిటైరవడానికి నెలో రెండు నెలలో ఉంది. నేను తెచ్చిన కవరు మీద మా బడి తెలుగు ముద్ర చూసి, "ఇది ఏ భాష టీచర్?" అని అడిగాడు. చెప్పాను. "ఇలాంటి అక్షరాలతో ఇండియా నుంచి ఒక మనిషి రాస్తుండేవాడు లా. పక్కన ఇంగ్లీషులో ఏదో వలస అని ఉండేది. మా జాబితాలో అలాంటి ఊరు లేదు. ముద్ర కొట్టి వెనక్కి పంపేవాళ్ళం. నాలుగో ఐదో వచ్చాయి. తరవాత మానేశాడు" అన్నాడు. ఏ ఊరి నుంచి అని అడిగాను. ఆయన పాపం గుర్తుచేసుకోవాలని చూశాడు, గుర్తు రాలేదు. ఆఖరిది వచ్చి ఎంతకాలమైందంటే, మూడేళ్ళు దాటిందన్నాడు. రసీదు కూడా తీసుకోకుండా బయటికి వచ్చేశాను.

బస్సులో అంతా అనుకుంటూనే వచ్చాను, వెళ్ళగానే కాళ్ళ మీద పడి చెప్పేస్తానని. రాశాడమ్మా, నాలుగైదు సార్లు రాశాడు, నిన్ను మర్చిపోలేదు అని. ఇంట్లో అమ్మ కొబ్బరి కోరుతోంది. నన్ను చూసి, "ఏటలా ఉన్నావు, ఎండ దెబ్బేటి?" అని లేచి మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. రాశాడని చెబితే, మరి ఎందుకు అందలేదని అడుగుతుంది. ఆమెకు మిగిలింది నేనొక్కదాన్నే, నేనూ పోతే ఏం చేస్తుందని ఆ క్షణంలో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. ఎండదెబ్బే అన్నాను. అంత పాపిష్టిదాన్ని.

అమ్మ ఇంకా పదకొండేళ్ళు బతికింది. అవసాన దినాల్లో మనుషుల్ని గుర్తుపట్టేది కాదు కానీ కోపం మాత్రం గుర్తుండిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఒక ఒట్టు వేయించుకుంది. "నాను పోయాక నాకు ముద్ద ఎడతావు కదా. నాకు ఎట్టు, పిల్లోడికి ఎట్టు. ఆడికి మాత్రం ఎట్టకు. బతికున్నోల్లకి ఒక్క ఉత్తరం ముక్క రాయించనోడికి నా పక్కన కూడేటి?" అంది. అలాగే అన్నాను.

తెలుక్ ఆన్సన్ పేరు కూడా తరవాత మార్చేశారు. ఆ కొబ్బరితోట ఇప్పుడు పామాయిలు తోట. నుయ్యి పూడిపోయింది, సిమెంటు ఒర ఒకటి మిగిలింది. ఏటా అమ్మ పోయిన నాడు అన్నం వండి, రెండు ముద్దలు అరిటాకులో కట్టి, మోటారు సైకిలు మీద ఎవరినైనా దింపమంటాను. రోడ్డు మీద కంపుంగ్ అమాన్ బోర్డు దాటాక లోపలికి మట్టిదారి. అయ్యకు మూడో ముద్ద పెట్టడానికి నాకు అధికారం లేదు, ఒట్టు వేశాను. పొయ్యి దగ్గర్నుంచి నుయ్యి దాకా నోరు తెరవకూడదన్న నియమం ఇప్పటికీ తప్పలేదు. దింపిన కుర్రాళ్ళు, అంత దూరం మాట్లాడకుండా ఎలా ఉంటావు అమ్మమ్మా, కష్టం కదా అంటారు. అలవాటే అంటాను.